కుక్కను తెచ్చుకోవాలా, పిల్లినా? మన గోదావరి జిల్లాల ఇంటికి ఏది సరిపోతుంది

మా ఇంటికి మొదట వచ్చిన కుక్కపిల్ల తొమ్మిది రోజులే బతికింది. లాబ్రడార్, బొద్దుగా, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి పరిగెత్తేది. అమ్మినాయన "నెల దాటేసిందండీ, అన్నం కూడా తినేస్తాదండీ, ఏం భయం లేదండీ" అంటే నమ్మి తెచ్చేశాం. అయిదో రోజు వాంతులు, ఆరో రోజు నెత్తురు విరేచనాలు. పార్వో అనే వైరస్ జబ్బు అని డాక్టరుగారు చూడగానే చెప్పారు. అప్పటికి దానికి ఒక్క టీకా కూడా పడలేదు, అసలు తల్లి దగ్గర ఉండాల్సిన వయసు. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017లోనే కేంద్రం నిబంధన పెట్టిందని నాకు ఆ తర్వాత తెలిసింది.

ఇది జరిగి ఏడేళ్ళయింది. ఆ తర్వాత మా ఇంటికి ఒక వీధి కుక్కపిల్ల వచ్చింది, మా పిన్నిగారు పెంచలేక ఇచ్చేసిన పెద్ద పమేరియన్ వచ్చింది, వానకు తడిసి వసారాలోకి దూరిన పిల్లికూన ఒకటి ఉండిపోయింది. అంటే జనం ఆలోచించే నాలుగు దారులూ మేం నడిచినవే. ఎవరైనా "ఏ జాతి మంచిది?" అని అడిగితే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ముందు అడగాల్సింది మన ఇల్లు ఎలాంటిది, మన నేల ఎలాంటిది అని.

ముందు ఇవి చూసుకోండి

అన్నిటికంటే ముందు ఉక్క. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని చల్లదనం. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ రొప్పడం సరిగ్గా పనిచేయదు. మే నెలలో అమలాపురంలోనో నరసాపురంలోనో మధ్యాహ్నం కరెంటు పోతే మనకు ఎలా ఉంటుందో తెలుసు కదా, ఒంటినిండా బొచ్చున్న ప్రాణికి అంతకు రెండింతలు అనుకోండి.

రెండోది నీళ్ళు. ఇక్కడ కాలవ లేని ఊరు లేదు, సార్వాలోనూ దాళ్వాలోనూ చేలల్లో నీళ్ళే, చేలల్లో ఎలుకలు, గట్ల నిండా పందికొక్కులు. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలోంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు కుక్కలకు వస్తుంది, కుక్క నుంచి మనకూ రావచ్చు. దీనికి తోడు ఎలుకల మందు. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన ఎరను నేరుగా తిన్నా ప్రమాదమే, మందు తిన్న ఎలుకను పిల్లో కుక్కో తిన్నా ప్రమాదమే. ఊళ్ళో ఎలుకల మందు పెట్టే రోజులు ఎప్పుడో చేలో పనిచేసే వాళ్ళను అడిగి తెలుసుకోండి, ఆ వారం బయటకు వదలకండి.

మూడోది డాక్టరు దూరం. మండలానికో పశువుల ఆసుపత్రి ఉంటుంది కానీ అక్కడ ఎక్కువగా గేదెలు, ఆవులు చూస్తారు. కుక్కలకు, పిల్లులకు రక్తపరీక్ష, సెలైన్, ఆపరేషన్ కావాలంటే చాలామందికి రాజమహేంద్రవరమో, కాకినాడో, భీమవరమో వెళ్ళాల్సిందే, ఇంకా పెద్ద సమస్యయితే గన్నవరం పశువైద్య కళాశాల దాకా. రాత్రి పదకొండింటికి అవసరమైతే ఎవరి బండి మీద వెళ్తారు? దీనికి జవాబు ఉన్నాకే ప్రాణిని తెచ్చుకోండి.

ఇక పగలంతా ఇంట్లో ఎవరుంటారు, ఎన్నేళ్ళు చూడగలరు. కుక్క పది నుంచి పద్నాలుగేళ్ళు, ఇంట్లో పెరిగిన పిల్లి పదిహేనేళ్ళు కూడా ఉంటుంది. ఇవాళ ఆరో తరగతి చదువుతూ "నేనే చూసుకుంటా డాడీ" అన్న పిల్లవాడు అయిదారేళ్ళలో హాస్టల్లో ఉంటాడు.

నాలుగూ పక్కపక్కన

| | వీధి కుక్కపిల్ల | కొన్న జాతి కుక్కపిల్ల | ఒకరు ఇచ్చేసే పెద్ద కుక్క | పిల్లి |
|---|---|---|---|---|
| ఉక్క, ఎండ | బాగా తట్టుకుంటుంది | జాతిని బట్టి, హస్కీ, పగ్ లాంటివి చాలా కష్టపడతాయి | ముందే ఇక్కడ పెరిగింది కాబట్టి తెలిసిపోతుంది | తట్టుకుంటుంది |
| మొదటి మూడు నెలల శ్రమ | ఎక్కువ | ఎక్కువ | తక్కువ, కానీ అలవాటు పడే దాకా ఓపిక కావాలి | మధ్యస్థం |
| పగలు ఒంటరిగా | పిల్లగా ఉన్నప్పుడు కుదరదు | కుదరదు | కొన్ని గంటలు పరవాలేదు | ఉండగలదు |
| తిండి, వైద్యం ఖర్చు | తక్కువ | ఎక్కువ | వయసును బట్టి | తక్కువ |
| వరదొస్తే తీసుకెళ్ళడం | నడుస్తుంది, పడవెక్కడం నేర్పాలి | పెద్ద జాతయితే కష్టం | పరిమాణాన్ని బట్టి | బుట్టలో పట్టేస్తుంది |
| ఇంటికి కాపలా | బాగుంటుంది | జాతిని బట్టి | కుక్కను బట్టి | ఎలుకలకు మాత్రమే |

పట్టిక చూసి నిర్ణయం తీసేసుకోకండి, అసలు విషయం కింద ఉంది.

వీధి కుక్కపిల్ల

నా మొగ్గు దీని వైపే, అది దాచను. మన వీధుల్లో పుట్టిన కుక్కకు పొట్టి వెంట్రుకలు, పొడుగు మూతి, సన్నటి ఒళ్ళు. ఇక్కడి వాతావరణానికి తరతరాలుగా అలవాటు పడిన ఒళ్ళు అది. దానికి ఏసీ అక్కర్లేదు. తెలివి గురించి చెప్పక్కర్లేదు, మా కుక్కకు పాలబ్బాయి బండి చప్పుడుకూ మా మామయ్యగారి బండి చప్పుడుకూ తేడా మూడో నెలలోనే తెలిసింది.

అలాగని వీధి కుక్కపిల్లకు జబ్బులు రావని మాత్రం అనుకోకండి. "నాటుది కదా, ఏం కాదులే" అనే మాట వల్ల ఎన్ని పిల్లలు పోతున్నాయో. పార్వో దీనికీ వస్తుంది, డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బూ వస్తుంది, పొట్టలో నట్టలు పుట్టుకతోనే ఉంటాయి. తెచ్చిన రోజునే నట్టల మందు, మొదటి టీకా గురించి డాక్టరుతో మాట్లాడాలి. తల్లి దగ్గర ఇంకా పాలు తాగుతున్న పిల్లను జాలిపడి ఎత్తుకురాకండి. తల్లికి తిండి పెడుతూ ఎనిమిది వారాలు ఆగి తెచ్చుకుంటే ఆ పిల్లకు కరవకుండా ఆడుకోవడం కూడా తల్లీ తోబుట్టువులే నేర్పుతారు.

ఆడ కుక్కపిల్ల అయితే ఎవరూ తీసుకోరు, ఇది చూసి నాకు చాలాసార్లు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆపరేషన్ చేయిస్తే పిల్లలు పుట్టే భయం ఉండదు, వీధిలో మగకుక్కల గోలా ఉండదు, గర్భసంచికి చీము పట్టే ప్రాణాంతకమైన జబ్బు కూడా తప్పుతుంది. ఏ వయసులో చేయించాలో మీ డాక్టరు చెబుతారు.

కొన్న జాతి కుక్క

లాబ్రడార్ మన దగ్గర బతకగలదు, నీళ్ళంటే దానికి ప్రాణం కూడా. కానీ తిండిపోతు, రోజూ గంటసేపు నడిపించకపోతే ఒళ్ళు పెరిగి తుంటి కీళ్ళు పాడవుతాయి, మడిచిన చెవుల్లో తడి చేరి చీము పడుతుంది, వానాకాలం నాలుగు నెలలూ వారానికోసారి ఆ చెవులు తుడవాలి. జర్మన్ షెపర్డ్ తెలివైనదే, పని చెప్పకపోతే తోట తవ్వేస్తుంది. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి ఆడటమే కష్టం, మన ఉక్కలో వాటిని పెంచాలంటే వేసవి పగళ్ళు ఏసీ గదిలోనే ఉంచాలి. ఇన్వర్టరు లేని ఇంట్లో వద్దనే చెబుతాను. హస్కీ మంచు నేలల కుక్క. కోనసీమలో హస్కీని చూసిన ప్రతిసారీ నా గుండె బరువెక్కుతుంది. కొన్నవాళ్ళు దాన్ని ప్రేమగానే చూసుకుంటూ ఉండొచ్చు, కానీ దాని ఒళ్ళు ఈ గాలికి పుట్టలేదు. వేసవికి గుండు కొట్టిస్తే సరిపోతుందనుకోకండి, రెండు పొరల బొచ్చు ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది కూడా.

పమేరియన్ పేరుతో మన దగ్గర తిరిగే తెల్లకుక్కల్లో ఎక్కువ భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్. ఎన్నో తరాలుగా ఇక్కడే పెరుగుతోంది కాబట్టి ఫ్యాను, నీడ ఉంటే సర్దుకుపోతుంది. జాతి కుక్కే కావాలంటే, ఇల్లు చిన్నదైతే, నా ఓటు దీనికి.

కొనేటప్పుడు తల్లిని చూపించమనండి. చూపించకపోతే లేచి వచ్చేయండి. టీకా పుస్తకంలో సీసా మీద స్టిక్కరు అంటించి ఉందా, డాక్టరు సంతకం ఉందా చూడండి. "టీకాలు అయిపోయాయి" అనే మాట ఒక్కటే చాలదు, మా మొదటి పిల్లను అలా నోటిమాట నమ్మే తెచ్చాం.

ఒకరు ఇచ్చేసే పెద్ద కుక్క

దీని గురించి ఎవరూ ఆలోచించరు, ఆలోచించాలి. ఉద్యోగం బదిలీ అయి, ఇల్లు మారి, పాప పుట్టి కుక్కను ఇచ్చేసే కుటుంబాలు రాజమహేంద్రవరంలోనూ భీమవరంలోనూ మీకు తెలిసిన వాళ్ళలోనే దొరుకుతాయి. పెద్ద కుక్కకు ఎంత సైజు వస్తుందో, పిల్లలతో ఎలా ఉంటుందో, ఎండను ఎలా తట్టుకుంటుందో ముందే తెలుసు. బయటకు వెళ్ళడం అలవాటై ఉంటుంది.

మా పిన్నిగారి పమేరియన్ వచ్చిన మొదటి పదిరోజులు గేటు దగ్గరే పడుకుంది. అన్నం ముట్టుకునేది కాదు. మేం బలవంతం చేయలేదు, మా అమ్మ పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ దానితో మాట్లాడేది, అంతే. పన్నెండో రోజు లేచి వచ్చి అమ్మ చీర కుచ్చిళ్ళ మీద తల పెట్టింది. ఈ ఓపిక లేకపోతే పెద్ద కుక్క వద్దు. ఇచ్చేవాళ్ళను "ఎవరినైనా కరిచిందా, ఎందుకు ఇచ్చేస్తున్నారు" అని సూటిగా అడగండి, పాత టీకా కాగితాలు తీసుకోండి.

పిల్లి

శకునం అనుకునే వాళ్ళు ఇంకా ఉన్నారు, ఇంట్లో పెద్దవాళ్ళకు అలాంటి పట్టింపు ఉంటే తెచ్చే ముందే మాట్లాడుకోండి, తర్వాత ఆ కసురుళ్ళు పడేది ఆ మూగజీవమే.

పిల్లికి పాలూ పెరుగన్నమూ చాలవు. అది మాంసాహారి, టారిన్ అనే పోషకం మాంసం, చేపల నుంచే అందాలి, అది అందకపోతే చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. ఇంట్లో చేప, మాంసం వండని వాళ్ళు పిల్లి డ్రై ఫుడ్డయినా కొనాలి, అది కుదరదంటే పిల్లిని తెచ్చుకోకపోవడమే దాని మీద ప్రేమ. చాలా పిల్లులకు పాలు అరగవు కూడా. చేపను ఉప్పు, కారం, ఉల్లిపాయ లేకుండా ఉడకబెట్టి ముళ్ళు తీసి పెట్టండి. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, వద్దు.

కొత్త పిల్లిని రెండు మూడు వారాలు ఇల్లు దాటనివ్వకండి, లేకపోతే దారి తప్పుతుంది. తొట్టిలో ఇసుక పోసి పెట్టండి, కోనసీమలో అయితే కొబ్బరి పొట్టు కూడా బాగా పనికొస్తుంది, వాసన పీల్చుకుంటుంది. గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లిని వదిలేయక్కర్లేదు, ఆ తొట్టిని ఇంకొకరు రోజూ శుభ్రం చేస్తే చాలు. ఇంట్లో కోడిపిల్లలు ఉంటే మాత్రం పిల్లితో పేచీయే.

ఇంకొకటి, ఇది దయచేసి గుర్తుపెట్టుకోండి: పారాసెటమాల్ బిళ్ళ ఒక్కటే పిల్లి ప్రాణం తీయగలదు. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషం. కుక్కా పిల్లీ రెండూ ఉన్న ఇంట్లో ఆ మందు రాసిన కుక్క దగ్గరికి పిల్లిని పోనివ్వకండి.

మరి మీకు ఏది

అమ్మానాన్నలు ఊళ్ళో, పిల్లలు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో అమెరికాలోనో. మన దగ్గర ప్రతి వీధిలో ఇలాంటి ఇల్లు ఉంది. కొడుకు సంక్రాంతికి వచ్చి "నాన్నగారూ, తోడుగా ఉంటుంది" అని లాబ్రడార్ పిల్లను కొనిచ్చి వెళ్ళిపోతాడు. ఎనిమిది నెలలకు అది పాతిక కిలోలవుతుంది, గొలుసు లాగితే డెబ్భై ఏళ్ళ మనిషి పడిపోతారు, పడితే తుంటి ఎముకే. చివరికి ఆ కుక్క రోజంతా మామిడి చెట్టుకు కట్టేసి ఉంటుంది. ఇది ఇద్దరికీ శిక్షే. ఇలాంటి ఇంటికి నేనైతే నాలుగైదేళ్ళ నెమ్మదైన చిన్న కుక్కనో, ఇద్దరికీ ఇష్టమైతే పిల్లినో చెబుతాను. ఇంకా ముఖ్యంగా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే మనిషి ఎవరో, డబ్బు ఎవరు పంపుతారో కొడుకు ఊరెళ్ళే ముందే తేల్చాలి.

ఇద్దరూ ఉద్యోగాలకెళ్ళే ఫ్లాటు కాపురమైతే పిల్లి, వీలైతే రెండు పిల్లులు. ఇంకా చిన్న కుక్కపిల్లను పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా బాల్కనీలో వదిలితే అది ఏడ్చి ఏడ్చి పాడవుతుంది, రోజుకు మూడు నాలుగు సార్లు తిండి కూడా పెట్టాలి కదా. పెరడున్న పెంకుటిల్లు, పగలు ఎవరో ఒకరు ఉంటారు అంటే వీధి కుక్కపిల్ల, రెండో ఆలోచన వద్దు. రొయ్యల చెరువు దగ్గర కాపలాకైతే వీధి కుక్కలే నయం, కానీ చెరువు గట్టు మీద తిండి, నీడ, ఏటేటా టీకా మీ బాధ్యత, పంట పట్టేశాక వాటిని అక్కడే వదిలేసి రాకండి. అయిదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో పసి కుక్కపిల్ల కంటే పిల్లలకు అలవాటైన పెద్ద కుక్క మేలు.

ఎప్పుడు తేవాలంటే దీపావళి టపాకాయలూ సంక్రాంతి చుట్టాలూ వెళ్ళిపోయాక, ఎండలు ముదరక ముందు. ఫిబ్రవరి మంచి నెల.

తెచ్చాక మొదటి నెల

జాతి ఏదైనా ఇది అందరికీ ఒకటే. కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకోటి చొప్పున పదహారు వారాలు వచ్చేదాకా, రేబిస్ టీకా మూడు నెలలకు, ఆపైన డాక్టరు రాసిన లెక్క ప్రకారం. పిల్లికీ టీకాలుంటాయి, రేబిస్ టీకాతో సహా. మన ప్రాంతానికి లెప్టో (లెప్టోస్పైరోసిస్) కలిసిన టీకా కావాలని అడిగి వేయించండి, పప్పీ డీపీ అనే టీకాలో అది ఉండదు. ఏటా జులై 6న, లూయీ పాశ్చర్ 1885లో మొదటి రేబిస్ టీకా వేసిన రోజున, పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు, కనుక్కోండి.

ఇంట్లో అంతకుముందు పార్వోతో కుక్కపిల్ల పోయి ఉంటే ఫినాయిల్‌తో కడిగితే పోదు, గచ్చును బ్లీచింగ్‌తో కడగాలి, మట్టిలో ఆ వైరస్ నెలల తరబడి ఉంటుంది. మేం ఏడాది ఆగి తెచ్చుకున్నాం.

పిడుదులను తేలిగ్గా తీసుకోకండి. చెవుల లోపల, కాలి వేళ్ళ మధ్య రోజూ వేలు పెట్టి చూడండి. జ్వరం, తిండి మానేయడం, ముక్కులోంచి నెత్తురు, ఇవి పిడుదుల జ్వరం గుర్తులు, రక్తపరీక్ష చేయించాల్సిందే. పొలానికి కొట్టే పురుగుమందు నీళ్ళలో కలిపి కుక్కకు పోయకండి. ఇది ఇంకా జరుగుతోంది, చచ్చిపోతున్నాయి.

చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, ఉడికిన కోడి ఎముకలు పెట్టొద్దు. మనం తిన్న పులుసన్నంలో ఉల్లిపాయ ఉంటుందని మర్చిపోతాం. ఎండదెబ్బ తగిలి రొప్పుతూ తూలుతుంటే నీడకు తెచ్చి మామూలు నీళ్ళు ఒంటి మీద పోస్తూ ఫ్యాను పెట్టండి, ఐసు వద్దు, వెంటనే డాక్టరు.

మీ సొంత కుక్కపిల్ల పన్ను గీరినా, కొత్త పిల్లి గోరు గీరినా, సబ్బుతో ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టకండి. బొడ్డు చుట్టూ ఇంజక్షన్లు అనే భయం పాతది, ఇప్పుడు చేతికే వేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం, అందుకే "మన కుక్కే కదా" అని ఆగకండి.

లంకల్లో ఉన్నవాళ్ళకు ఒక మాట. 2022 జులైలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17.75 అడుగులు, ఎప్పుడో దాటిపోయింది. అలాంటప్పుడు గొలుసుతో కట్టేసిన కుక్క ఈదుకుని పోలేదు. 11.75 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక రాగానే గొలుసులు విప్పేయండి, పిల్లి బుట్ట అటక మీద నుంచి దింపి పెట్టుకోండి, నాలుగు రోజుల తిండి మూటగట్టుకోండి. కొత్తగా వచ్చిన ప్రాణిని వరద లేని రోజుల్లోనే రెండు మూడుసార్లు పడవ ఎక్కించి అలవాటు చేయండి, మా కుక్క మొదటిసారి పడవలో వణికిపోయింది, మూడోసారికి ముందు కూర్చుంది. టీకా పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి రేషన్ కార్డు, ఆధార్ కార్డులున్న సంచిలోనే పెట్టండి.